ప్రాణం నిలిపే వైద్యానికి పద్దు పుస్తకం ఎందుకు?

మేడ్చల్ రహదారిపై 108 వాహనం మోత విననివారు మా కళాశాలలో ఉండరు. 2005 ఆగస్టు 15న ఆరంభమైన ఆ సేవకు పుట్టినిల్లు వంటి ప్రధాన కార్యాలయం మన పొరుగున దేవరయాంజాలులోనే వెలసినది. ఆ మోత చెవిన పడినప్పుడు లోపల ఎవరున్నారో తెలియకపోయినా ఒకరు దువా చేస్తారు, ఒకరు దండం పెట్టుకొంటారు. వాహనం ఏదో ఆసుపత్రి గేటు లోపలికి పోతుంది. రోగిని ఐ.సి.యు.లోనికి తీసుకొనిపోతారు. తలుపు మూసుకొంటుంది.

ఆ తలుపు వెనుక జరిగేదంతా యంత్రాల మహిమ, వైద్యుల హస్తవాసి అని మనం సామాన్యంగా అనుకొంటాము. అది నిజమే గాని సగం నిజం. ఈ రోగికి ఏ మందు ఎంత ఇవ్వవలెను, ఊపిరితిత్తులలోనికి గాలిని ఎంత ఒత్తిడితో పంపవలెను, ఇటువంటి స్థితిలో వచ్చినవారిలో నూటికి ఎందరు తేరుకొంటున్నారు అనే ప్రశ్నలకు ఆ ఒక్క రోగిని ఎంతసేపు చూచినా సమాధానం దొరకదు. అంతకుముందు అదే దారిన వచ్చిన వేలమంది కథను ఎవరో ఓపికతో రాసిపెట్టి, కూడి, పోల్చి చూచినందువలననే దొరుకుతుంది. ఏ రోగం ఎవరికి, ఎక్కడ, ఏ కాలంలో, ఎందువలన వస్తున్నది, వచ్చినవారు ఏమౌతున్నారు అని లెక్కగట్టే ఈ శాస్త్రాన్ని ఎపిడెమియాలజీ అంటారు. మన పాఠ్యగ్రంథాలు దీనిని సాంక్రమిక రోగ విజ్ఞానమని అనువదించినవి. ఆ మాట ఇప్పుడు ఇరుకైనది. అంటురోగాలతో పాటు రహదారి ప్రమాదాలు, గుండెపోట్లు, పురుగుమందు విషప్రమాదాలు అన్నీ నేడు ఈ శాస్త్రం పరిధిలోనివే.

తీవ్ర స్థితిలో ఉన్న రోగి వైద్యానికి ఈ లెక్కల శాస్త్రం అలంకారం కాదనీ, ఆయువుపట్టనీ మేము అంటున్నాము. మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఈ పనికి తగినంత సామగ్రి కలిగి ఉన్నదనీ, అందులో మా వంటి ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఒక స్థానం ఉన్నదనీ కూడ అంటున్నాము. కళాశాల కార్యవర్గపు పెద్దలు దీనిని ఓపికతో చదువవలెనని కోరుతున్నాము.

ఇంటెన్సివ్ కేర్ వైద్యం పుట్టుకే ఒక మహమ్మారి నడుమ జరిగినది. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినది. ఊపిరి కండరాలు చచ్చుపడిన రోగులు బ్లెగ్డామ్ ఆసుపత్రికి వరుసగా వచ్చిపడినారు. వారికి శ్వాస అందించే యంత్రాలు అక్కడ ఏడు మాత్రమే ఉన్నవి. మొదటి మూడు వారాలలో యంత్ర సహాయం పొందిన 31 మందిలో 27 మంది మరణించినారు. ప్రధాన వైద్యుడు లాసెన్ ఈ అంకెలను దాచుకొనలేదు. మత్తు వైద్యుడైన బియోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించి ఆయన ముందు పెట్టినాడు. చనిపోయినవారి కాగితాలు, శవపరీక్ష వివరాలు చూచిన ఇబ్సెన్ వారు మెదడు చెడి చనిపోలేదనీ, ఊపిరి చాలక రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని చనిపోయినారనీ గ్రహించినాడు. ఆగస్టు 27న ఒక 12 ఏళ్ళ బాలికకు గొంతులో రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి పోసినాడు. ఆ బాలిక బ్రతికినది. తరువాతి మాసాలలో సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు రోగుల పక్కన కూర్చొని ఆ సంచులు నొక్కినారు. నూటికి 87గా ఉన్న మరణాలు సుమారు 40కి దిగినవి.

ఆ విద్యార్థుల చేతుల కష్టాన్ని లోకం పొగిడినది, పొగడవలసినదే. కాని 27, 31 అనే రెండు అంకెలను ఎవరూ రాసుకొనకపోయి ఉంటే ఏమయ్యేది? యంత్రం వలన బ్రతికిన నలుగురిని చూపించి యంత్రం గొప్పదని చెప్పుకొంటూ ఉండేవారు. బ్రతికినవాడు కండ్లెదుట నడుస్తాడు, సాక్ష్యం చెబుతాడు. చనిపోయినవాడు సాక్ష్యానికి రాడు. వాని తరపున సాక్ష్యం చెప్పేది పద్దు పుస్తకం ఒక్కటే.

ఇందుకు ఉదాహరణ కోసం డెన్మార్కు దాకా పోనక్కరలేదు. మన హైదరాబాదు చరిత్రలోనే దీనికి దీటైన కథ ఉన్నది, అది కొంత చేదు కథ. 1846లో స్థాపించబడిన హైదరాబాదు వైద్య పాఠశాలలో తొలి దశాబ్దాలలో బోధన ఉర్దూలోనే సాగినది. 1885లో ఇక్కడికి వచ్చిన రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆ పాఠశాలకు అధిపతి అయినాడు. ఆ రోజులలో శస్త్రచికిత్సకు క్లోరోఫారం ఇచ్చేవారు. అది ఇచ్చినప్పుడు కొందరు బల్లమీదనే చనిపోయేవారు. ముందు ఊపిరి ఆగుతున్నదా, గుండె ఆగుతున్నదా అన్న వివాదం వైద్యలోకాన్ని రెండుగా చీల్చినది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లో, మరల 1889లో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు ఏర్పడినవి. రెండవదానికి లండన్‌లోని లాన్సెట్ పత్రిక పక్షాన లాడర్ బ్రంటన్ అనే ప్రముఖ వైద్యుడు స్వయంగా వచ్చినాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగినవి. ఊపిరి మీద దృష్టి ఉంచితే చాలు, గుండె ముందుగా ఆగదు అని కమిషన్ తీర్మానించినది.

ఒక సంస్థానం తన ఖజానా నుండి ఖర్చుపెట్టి, ప్రపంచ వైద్యులందరూ తగవులాడుకొనే ప్రశ్నకు జవాబు వెదకడం సామాన్యమైన సంగతి కాదు. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని చరిత్రకారులు పేర్కొంటున్నారు. ఈ గౌరవాలను మేము తక్కువ చేయడం లేదు. కాని తీర్మానం నిలువలేదు. ఆ తరువాత లాన్సెట్ పత్రికయే ఆసుపత్రుల నుండి మత్తులో సంభవించిన మరణాల వివరాలు తెప్పించి లెక్క చూపించినది. 1893లో ప్రచురితమైన ఆ లెక్క ఈథరు కంటె క్లోరోఫారం ఎక్కువ ప్రమాదకరమని చాటినది. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె లయ చెడి హఠాత్తుగా ఆగిపోగలదని ప్రయోగపూర్వకంగా నిరూపించినాడు. లారీ నిజాయితీపరుడే, శ్రమజీవియే. మనుషుల లెక్కలో వెదకవలసిన జవాబును ఆయన కుక్కల వద్ద వెదకినాడు. లాన్సెట్ గుమాస్తాలు ఆసుపత్రుల రిజిస్టర్లు తిరగవేసి తీసిన సత్యం ప్రయోగశాల వైభవం కంటె ఎక్కువ కాలం నిలిచినది.

ఇక్కడ రోనాల్డ్ రాస్‌ను ఒక్క మాట తలచుకొనడం న్యాయం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినాడని ప్రతి పిల్లవానికి చెబుతాము. ఆయన తరువాతి జీవితంలో ఎక్కువ భాగం దోమల సంఖ్యకు, జ్వరాల సంఖ్యకు గల సంబంధాన్ని గణిత సమీకరణాలలో పెట్టడానికి వెచ్చించినాడని చెప్పము. మా బి.ఎస్సీ. గణిత విద్యార్థులు ఈ రెండవ రాస్‌ను కూడ ఎరిగి ఉండవలెను.

ఇక నేటి ఐ.సి.యు. సంగతి. రెండు ఆసుపత్రులున్నవి అనుకొందాము. ఒకదానిలో నూటికి పదిమంది, రెండవదానిలో నూటికి ముప్పైమంది చనిపోతున్నారు. ఏది మంచి ఆసుపత్రి? మొదటిదే అని తొందరపడి చెప్పేవారు మోసపోతారు. మొదటిది బరువైన రోగులను గుమ్మం నుండే తిప్పిపంపుతూ ఉండవచ్చును. రెండవది ఎవరినీ కాదనక చేర్చుకొంటూ ఉండవచ్చును. ఈ చిక్కు విప్పడానికి 1981లో అమెరికాలో విలియం నాస్ బృందం ఒక కొలత తయారుచేసినది. 1985లో సవరించిన దాని రెండవ రూపాన్ని అపాచీ-2 అంటారు. నాడి, రక్తపోటు, జ్వరం, రక్తంలో లవణాలు మొదలైన 12 అంశాలు, వయస్సు, పాత జబ్బులు అన్నీ కలిపి ఒక అంకె వేస్తారు. ఆ అంకె, చేరిన కారణం రెండూ చూచి మరణించే అవకాశాన్ని అంచనా కడతారు. అప్పుడే ఒక ఆసుపత్రి పనిని మరొకదానితో న్యాయంగా పోల్చడం సాధ్యమౌతుంది.

కాని ఆ అంచనా ఎవరిని చూచి కట్టినది? అమెరికాలో 13 ఆసుపత్రులలో చేరిన 5815 మందిని చూచి. అందులో ఒక విచిత్రం ఉన్నది. తనంతట తాను మందులు మోతాదు మించి తీసుకొన్నవారు అన్న విభాగానికి ప్రమాదాన్ని చాలవరకు తగ్గించి చూపే గుణకం పెట్టినారు. ఆ దేశపు ఆసుపత్రులకు అది సరిపోయి ఉండవచ్చును. మన తెలంగాణ పల్లెలలో అటువంటి రోగి మింగేది మాత్రలు కాదు, పత్తిచేను కోసం కొన్న పురుగుమందు. ఆ గుణకాన్ని తెచ్చి ఈ రోగికి తగిలిస్తే అంచనా తలక్రిందులౌతుంది. అరువు తెచ్చిన తక్కెడ చెడ్డదని మేము అనడం లేదు, రాళ్ళు మన సరుకుతో సరిచూచుకొనవలెనని అంటున్నాము.

అట్లా సరిచూచిన పని మన వరంగల్లులో జరిగినది. ప్రతి తెలుగు విద్యార్థి దానిని గురించి తెలుసుకొనవలెనని మా కోరిక. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుండి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారి వివరాలను శ్రీనివాసరావు, ఆయన సహచరులు కూర్చి 2005లో ప్రచురించినారు. ఆ కాలంలో చేరినవారు 8040 మంది. వారిలో నూటికి 22.6 మంది మరణించినారు. 2002 సంవత్సరపు రోగులను మరింత వివరంగా పరిశీలించగా మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్ళు నిండనివారు. అంటే మన ఈడువారు, మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఏ మందో తెలిసిన మరణాలలో అధికభాగానికి రెండే రెండు పురుగుమందులు, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, కారణమని తేలినది. విరుగుడు మందులను చాల సందర్భాలలో రోగి స్థితిని బట్టి కాక తక్కువ మోతాదులో, అందరికీ ఒకే కొలతగా ఇస్తున్నారని కూడ కనిపించినది. అదనపు వనరులు లేకపోయినా మెరుగైన చికిత్సతో, అతి విషపూరితమైన మందుల కట్టడితో ఎందరినో కాపాడవచ్చునని ఆ పరిశోధకులు రాసినారు.

ఒక్కొక్క రోగి మంచం పక్కన నిలబడిన వైద్యునికి ఈ సంగతులు తోచవు. ఆ రాత్రి ఆయన పోరాడేది ఒక్క ప్రాణం కోసం. ఎనిమిది వేల పేర్లు వరుసగా పెట్టి చూచినప్పుడే దుకాణంలో ఏ డబ్బా ఉండకూడదో తెలుస్తుంది. శ్రీలంకలో ఇటువంటి లెక్కలను ముందు పెట్టుకొని 1990 దశకంలో అతి విషపూరితమైన మందులను వరుసగా నిషేధించినారు. 1995లో శిఖరాన ఉన్న ఆత్మహత్యల రేటు 2005 నాటికి సగానికి తగ్గినది. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం నిషేధానికి 2023 దాకా ఆగవలసి వచ్చినది. వరంగల్ లెక్క అచ్చయిన తరువాత పద్దెనిమిది ఏళ్ళు! ఈ ఆలస్యానికి లెక్క రాసినవారు బాధ్యులు కారు. చదవవలసినవారు చదవలేదు.

ఈ విషయం రాస్తున్నప్పుడు ఒక మాట చెప్పక తప్పదు. మనస్సు బరువెక్కినవారు ఎవరైనా 14416 అనే టెలి మానస్ నెంబరుకు పగలైనా రాత్రైనా ఫోను చేయవచ్చును. అది ఉచితం, తెలుగులోను ఉర్దూలోను మాట్లాడవచ్చును. ఈ పేజీ చదివే విద్యార్థులు ఈ నెంబరును తమ మిత్రులకు చెప్పవలెను.

జ్వరాల విషయం త్వరగా చెప్పి ముందుకు పోతాము. 2010-11లో దేశంలోని నూరుకు పైగా ఐ.సి.యు.లు కలిసి, ఎంచుకొన్న నాలుగు రోజులలో తమ మంచాలపై ఉన్న రోగులందరి వివరాలు రాసినవి. నాలుగు వేలకు పైగా రోగుల ఈ లెక్క 2016లో అచ్చయినది. భారతదేశపు ఐ.సి.యు.లో ఉన్నవారెవరు అనే చిన్న ప్రశ్నకు ఇంత విస్తారమైన జవాబు అంతకుముందు లేదు. వర్షాకాలపు తీవ్ర జ్వరాలపై జరిగిన మరొక దేశవ్యాప్త పరిశీలనలో డెంగ్యూ మొదటి స్థానంలోను, నల్లి వంటి చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ రెండవ స్థానంలోను నిలిచినవి. స్క్రబ్ టైఫస్‌కు మందు చౌకది, పాతది. అనుమానం వస్తేనే ఇస్తారు, లెక్క ఉంటేనే అనుమానం వస్తుంది.

ఇప్పుడు మా అసలు మాటకు వస్తాము. ఐ.సి.యు. రిజిస్టరు ఎంత బాగా రాసినా అందులో ఒక పెద్ద చిల్లు ఉన్నది. డబ్బు అయిపోయినప్పుడు, లేక ఇక ఆశ లేదని తెలిసినప్పుడు, మన కుటుంబాలు రోగిని ఇంటికి తీసుకొనిపోతాయి. సొంత ఇంటి చూరు కింద, తనవారి నడుమ, కలిమా చెవిలో పడుతుండగానో తులసితీర్థం గొంతులో పోస్తుండగానో ప్రాణం పోవలెనని కోరుకొనడం మన సంస్కారం, అందులో తప్పు లేదు. ఆసుపత్రి కాగితంపై మాత్రం అది మరణం కాదు, వైద్యుని సలహాకు వ్యతిరేకంగా డిశ్చార్జి. రోగి ఇంటికి పోయిన మూడవ నాడు చనిపోయినాడో, ముప్పై ఏళ్ళు బ్రతికినాడో రిజిస్టరు ఎరుగదు. బ్రతికి బయటపడినవారి సంగతి కూడ ఇంతే. నెలల తరబడి చేతులు, కాళ్ళు స్వాధీనం కాకపోవడం, జ్ఞాపకశక్తి తగ్గడం, నిద్రలో ఉలికిపడడం ఐ.సి.యు. నుండి వచ్చినవారిలో తరచు కనిపిస్తాయని వైద్యులు ఇప్పుడు ఒప్పుకొంటున్నారు. వాటితోపాటు ఇంటి మీద పడిన అప్పు ఉన్నది, అది ఏ రక్తపరీక్షలోను కనిపించదు. ఐ.సి.యు. వైద్యం ఫలించినదా లేదా అన్న తీర్పు ఆసుపత్రి గేటు వద్ద కాక ఊరిలో జరగవలసి ఉన్నది.

ఊరిలో పద్దు పుస్తకం కావలెనంటే మేడ్చల్ మండలం కంటె తగిన చోటు ఎక్కడ ఉన్నది? ఘనపూరులోని మెడిసిటీ వైద్య విజ్ఞాన సంస్థకు అనుబంధంగా షేర్ ఇండియా అనే సంస్థ 1994 నుండి ఈ మండలపు 40 గ్రామాలలో రీచ్ అనే కార్యక్రమం కింద ఇంటింటి ఆరోగ్య వివరాలు సేకరించినది. ఆ గ్రామాలలోనే 2009లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం సహకారంతో లైఫ్ అనే అధ్యయనం ఆరంభించి, 1200కు పైగా యువతులను చేర్చుకొని, వారి గర్భధారణ, ప్రసవం, పిల్లల పెరుగుదల గమనించినారు. ఊరి ఆరోగ్య కార్యకర్త తలుపు తట్టి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఈ పల్లెలకు కొత్త కాదు. శామీర్‌పేట వైపు చూస్తే జీనోమ్ వ్యాలీ ఉన్నది. తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవిడ్ టీకాకు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి లభించినది. ఒక టీకా పనిచేసినదని చెప్పేది సీసా కాదు. టీకా పొందినవారిలో ఎందరు జబ్బుపడినారు, పొందనివారిలో ఎందరు పడినారు అన్న లెక్క చెబుతుంది. అంటే ఈ ప్రాంతపు పరిశ్రమ కూడ ఈ శాస్త్రంపైననే నిలబడి ఉన్నది. ఇక జాతీయ రహదారి 44, రాజీవ్ రహదారి, 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మూడూ మన చుట్టునే తిరుగుతున్నవి. ప్రమాదాల బాధితులకు కొరత లేదని బాధతో చెప్పవలసి ఉన్నది.

వాహనం పిలుపు ఒక పుస్తకంలో, ఐ.సి.యు. చికిత్స రెండవ పుస్తకంలో, ఊరి ఇల్లు మూడవ పుస్తకంలో ఉంటే ఎవరికీ పూర్తి కథ తెలియదు. ఆ మూడు పుస్తకాలనూ ఒకే రోగి పేరు మీద కలపగలిగిన దూరంలో మనం ఉన్నాము.

దీనికి మా కళాశాలతో ఏమి పని అని పెద్దలు అడుగవచ్చును. మాది వైద్య కళాశాల కాదు. మాకున్నవి రెండు భాషలు, కొంత గణాంకశాస్త్రం, నేర్చుకొనే వయస్సు. ఆ రెండు భాషల విలువ ఎంతో ఐ.సి.యు. బయట బెంచీపై కూర్చున్నవారిని చూస్తే తెలుస్తుంది. ఒకరు దక్కనీ ఉర్దూలో మాట్లాడతారు, ఒకరు తెలంగాణ తెలుగులో, మరొకరు ఇంట్లో లంబాడీ మాట్లాడి బయట తెలుగు కలుపుతారు. కేసు కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. జ్వరం ఏనాడు మొదలైనది, ఏ డబ్బాలోని మందు, దారిలో ఎక్కడెక్కడ ఆగినారు అన్న వివరాలు ఒక భాష నుండి మరొక భాషకు దూకే చోట జారిపోతాయి. తల్లి "గాలి సోకినది" అంటుంది, కాగితంలోనికి అది రాదు. పురుగుమందు సంగతైతే పోలీసు భయం వలన అసలే చెప్పరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించవలెను గాని శిక్షించరాదని చెప్పినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేనే లేదు. ఈ రెండు ముక్కలు ఆ బెంచీ వద్ద వారి భాషలో చెప్పేవారుంటే డబ్బా పేరు బయటకు వస్తుంది, వైద్యునికి గంట కలిసి వస్తుంది, లెక్కా సరిగా పడుతుంది.

వైద్యులు కానివారు ఈ పని చేయలేరన్న వాదం నిలువదు. దేశవ్యాప్తంగా జరిగిన మిలియన్ డెత్ స్టడీలో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయపు సిబ్బంది, అనగా వైద్యులు కానివారే, ఇంటింటికీ పోయి చనిపోయినవారి చివరి రోజుల కథను స్థానిక భాషలోనే రాసుకొని వచ్చినారు. ఆ కాగితాలు చదివి మరణ కారణం నిర్ణయించినవారు వైద్యులు. కథ రాయడం ఒకరి పని, తీర్పు మరొకరిది. మొదటి పనికి భాష రావలెను, మర్యాద రావలెను. ఈ రెండూ మా విద్యార్థులకు ఉన్నవని మా నమ్మకం. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఆరంభమై, దారుల్ తర్జుమా ద్వారా వైద్యంతో సహా శాస్త్రాలన్నింటినీ ఉర్దూలోనికి తెచ్చిన నగరంలో, ఒక పేజీ ప్రశ్నపత్రాన్ని ఉర్దూలోను తెలుగులోను సక్రమంగా రాయలేకపోవడం సిగ్గుచేటు.

దీనికి ఖర్చు చేసే బదులు ఒక వెంటిలేటరు కొని ఆసుపత్రికి దానం చేస్తే పుణ్యమూ పేరూ వస్తాయి కదా అని మరికొందరు అంటారు. వెంటిలేటరు దానం చేసేవారిని మేము ఆపము. కాని దేశంలో 2020లో నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. ధ్రువీకరించిన వాటిలోను "గుండె, ఊపిరి ఆగిపోయినందువలన" అని రాసే అలవాటు ఇంకా ఉన్నది. చనిపోయిన ప్రతివానికీ గుండె ఆగుతుంది, అది కారణం ఎట్లా అవుతుంది? ఏ జబ్బుతో పోతున్నారో తెలియని దేశంలో ఏ యంత్రం ఎక్కడ పెట్టవలెనో ఎట్లా తెలుస్తుంది? వెంటిలేటరు గోడవార ముసుగుతో నిలబడి ఉన్న చోట్లు కూడ ఉన్నవని వినికిడి.

గోప్యత విషయంలో మాత్రం ఆక్షేపణ చేసేవారిది న్యాయమైన భయం. కోడలు విషం తాగినదన్న సంగతి ఊరిలో పాకితే ఆ ఇల్లు నిలువదు. అందువలన ఆసుపత్రి నైతిక సంఘం అనుమతి లేనిదే, భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శకాలు చదివి సంతకం చేయనిదే, ఏ విద్యార్థీ ఒక్క ప్రశ్న కూడ అడుగరాదు. పేరు ఒక కాగితంపై, కథ మరొక కాగితంపై ఉండవలెను. రెండింటినీ కలిపే సంఖ్య ఆసుపత్రి అలమారాలో తాళం కింద ఉండవలెను. రోగి బంధువు వద్దంటే అక్కడితో ఆపవలెను, మారు అడుగరాదు.

కార్యవర్గం ముందు మేము పెట్టే కోరిక చిన్నది. గణాంకశాస్త్రం, ఉర్దూ, తెలుగు శాఖల నుండి ఒక్కొక్క అధ్యాపకుని, పన్నెండుమంది విద్యార్థులను ఎంపిక చేసి, ఈ ప్రాంతంలోని ఏదైనా ఒక బోధనాసుపత్రిని లిఖితపూర్వకంగా అడుగవలెను. మొదటి సంవత్సరం ఒకే పని: ఐ.సి.యు. నుండి ఇంటికి పోయినవారిని ముప్పైయవ రోజున, తొంబైయవ రోజున, వారి అంగీకారంతో, వారి భాషలో పలకరించి, ఎట్లా ఉన్నారో రాసుకొని ఆసుపత్రికి అందించడం. కావలసిన ఖర్చు బస్సు చార్జీలు, కాగితాలు, ఒక టెలిఫోను. మేడ్చల్ నుండి, శామీర్‌పేట నుండి, తూముకుంట నుండి రోజూ వచ్చిపోయే మా విద్యార్థులకు ఆ ఊళ్ళ దారులు తెలిసినవే. ప్రశ్నపత్రపు ముసాయిదా రెండు భాషలలోను సిద్ధం చేసి ప్రిన్సిపాలు గారి కార్యాలయంలో ఇస్తాము. ఉర్దూ ప్రతిలో "మూర్ఛ" అనే మాటకు ఏది సరియైన పదమో, "బేహోషీ" చాలునో చాలదో అన్న తగవు ఇంకా తెగలేదు. ఉర్దూ శాఖవారు దానిని చూడవలెనని ప్రార్థన.